పండు చేసిపెట్టిన పని

బంగారపేట

అమ్ములూ,

నీ ఉత్తరం అందింది. వరమహాలక్ష్మి పండగకు వచ్చిన తాంబూలం పండ్లు బుట్టలో నల్లబడుతున్నాయని, వాటితో మఫిన్లు చేద్దామంటే ఇంట్లో తలా ఒక మాట అంటున్నారని రాశావు. మీ అవ్వ ‘అవి పాడైపోయాయి, పారేయండి’ అంటున్నారట. పక్కింటి అమ్మాయి ‘చక్కెర దండిగా వేస్తే ఏ పండైనా బాగుంటుంది’ అందట. ఇద్దరి మాటల్లోనూ ఉన్న పొరపాటు ఒకటే. మిగలముగ్గిన అరటిపండును ఇద్దరూ లోపం ఉన్న సరుకుగానే చూస్తున్నారు. ఒకరు దాన్ని వదిలించుకోమంటున్నారు, ఇంకొకరు చక్కెర వేసి కప్పిపుచ్చమంటున్నారు. నేను చెప్పదలచుకున్నది ఇది: అరటిపండు ముగ్గిందంటే వంటలో సగం పని అప్పటికే అయిపోయిందన్నమాట. ఆ సగాన్ని పండు తనంతట తానే చేసిపెట్టింది. మనం మిగతా సగం చేస్తే చాలు. పండు చేసిన పనినే మనం మళ్లీ చేయబోతే మఫిన్ చెడుతుంది, ఒంటికీ మంచిది కాదు, డబ్బూ దండగ. ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను. నీకు సరిగా తోచకపోతే నిలదీసి అడుగు.

ముందు పండు లోపల ఏం జరుగుతుందో చూడు. పచ్చి అరటికాయ గుజ్జులో బరువుకు నూటికి ఇరవై పాళ్లకు పైగా పిండిపదార్థమే. అందుకే అది కూరకు పనికొస్తుంది, ఊరికే నమిలితే వగరుగా, చప్పగా ఉంటుంది. కాయ పక్వానికి రాగానే అందులోంచి ఇథిలీన్ అనే వాయువు వెలువడుతుంది. దాని ప్రేరణతో కాయలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొట్టడం మొదలుపెడతాయి. బాగా ముగ్గేసరికి పిండిపదార్థం ఒకటి రెండు శాతానికి దిగిపోయి, సుక్రోజు, గ్లూకోజు, ఫ్రక్టోజు పెరుగుతాయి. అదే సమయంలో కణాల గోడలను పట్టి ఉంచే పెక్టిన్ కరిగి గుజ్జు మెత్తబడుతుంది. వగరు తగ్గుతుంది. అరటికి ఆ ఘుమఘుమ ఇచ్చే ఐసోఅమైల్ ఎసిటేట్ వంటి పదార్థాలు పోగవుతాయి. తొక్క మీద లేచే గోధుమరంగు మచ్చలు ఫీనాల్ పదార్థాలకు గాలి తగిలినప్పుడు ఒక ఎంజైము తెచ్చే మార్పు. కోసిన వంకాయ నల్లబడేదీ అలాంటి కారణంతోనే. కాబట్టి మఫిన్‌కు కావలసిన తీపి, తడి, మెత్తదనం, సువాసన నాలుగూ ఆ మచ్చల పండులో సిద్ధంగా ఉన్నాయి. పసుపురంగును మాత్రం నమ్మొద్దు. తొందరపెట్టి మాగబెట్టిన పండు పైకి పసుపెక్కినా లోపల పిండిగానే ఉండొచ్చు. కార్బైడ్‌తో మాగబెట్టడాన్ని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు నిషేధిస్తున్నాయి. ఇథిలీన్ వాయువుతో మాగబెట్టడానికి పరిమితులతో అనుమతి ఉంది. ఏ పద్ధతిలో మాగినదైనా సరే, తొడిమ దగ్గర ఇంకా ఆకుపచ్చగా ఉండి, నొక్కితే గట్టిగా తగిలే పండును ఆ రోజుకు పక్కన పెట్టు. దాని పని ఇంకా పూర్తికాలేదు.

ఇప్పుడు చక్కెర సంగతి. మామూలుగా కనబడే కొలతల్లో రెండు వందల గ్రాముల లోపు పిండికి నూట యాభై గ్రాముల చక్కెర ఉంటుంది. దాంతో పన్నెండు మఫిన్లు అవుతాయి. అంటే ఒక్కోదానిలో పన్నెండున్నర గ్రాములు, సుమారు మూడు టీస్పూన్లు. ఇది పండులోని తీపి కాకుండా మనం పైనుంచి వేసింది. మనం విడిగా కలుపుకునే చక్కెర రోజు మొత్తానికి కావలసిన శక్తిలో పది శాతం దాటకూడదని, ఐదు శాతం లోపు అంటే ఇరవై అయిదు గ్రాముల లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రెండు మఫిన్లు తింటే ఆ ఇరవై అయిదు గ్రాములూ అక్కడికక్కడే అయిపోతాయి. అదే చక్కెరను ఎనభై గ్రాములకు తగ్గిస్తే ఒక్కో మఫిన్‌కు ఏడు గ్రాముల లోపే పడుతుంది. మూడు వందల గ్రాముల ముగ్గిన గుజ్జు ఎలాగూ తన వంతు తీపి తెస్తుంది. కొలత రాసినవాళ్లు ఏ పండునో ఊహించుకుని రాశారు. నీ బుట్టలో ఉన్నది వాళ్లు చూసిన పండు కాదు. పండు ఎంత ముగ్గితే చక్కెర అంత తగ్గాలి. ఈ లెక్క నువ్వే వేసుకోవాలి, వాళ్లు వేసిపెట్టలేరు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. కేకులో చక్కెర తీపి కోసమే కాదు కదా, అది తడిని పట్టి ఉంచుతుంది, లోపలి భాగాన్ని మెత్తగా ఉంచుతుంది, పైభాగానికి బంగారు రంగు తెస్తుంది, తగ్గిస్తే మఫిన్ ఎండిపోదా అని నువ్వు అడగవచ్చు. ఆ మాట నిజమే. ఈ కారణంతోనే చక్కెర పూర్తిగా మానేయమని నేను చెప్పడం లేదు. అలా చేస్తే రబ్బరులా సాగే ముద్ద మిగులుతుంది. అయితే సగానికి తగ్గించినప్పుడు ఆ లోటును భర్తీ చేసేది ముగ్గిన గుజ్జే. అరటిపండు బరువులో నాలుగింట మూడొంతులు నీరు. కరిగిన పెక్టిన్, చక్కెరలు ఆ నీటిని త్వరగా వదలవు. రంగు సంగతి కూడా అంతే. గ్లూకోజు, ఫ్రక్టోజు మామూలు చక్కెర కంటే త్వరగా ఎర్రబడతాయి. అందుకే బాగా ముగ్గిన పండు వేసిన మఫిన్ పైభాగం అనుకున్నదానికంటే ముందే రంగెక్కుతుంది. ఓవెన్ 180 డిగ్రీల దగ్గర పెట్టి, పద్దెనిమిదో నిమిషం నుంచే చూస్తూ ఉండు. చక్కెర బదులు బెల్లం వేస్తే సువాసన బాగుంటుంది, వేసుకో. కానీ బెల్లం కాబట్టి ఎంతైనా ఫరవాలేదనుకోవద్దు. ఒంట్లోకి వెళ్లాక అదీ చక్కెరే.

పండ్లను లెక్కపెట్టే అలవాటు మానుకోవడం నేను చెప్పే రెండో విషయం. పైన చెప్పిన వాదనే ఇక్కడా వర్తిస్తుంది. ‘మూడు అరటిపండ్లు’ అని రాసి ఉన్న కొలత పెద్ద పండ్లు దొరికే దేశంలో రాసింది. మీ రాబర్ట్‌సన్‌పేట ఎం.జి. మార్కెట్లో పచ్చబాళె అనే పెద్ద రకం తీసుకుంటే తొక్క తీశాక ఒక్కోటి వంద గ్రాములు దాటుతుంది. ఏలక్కి అనే చిన్న రకం తీసుకుంటే సాధారణంగా యాభై గ్రాములు కూడా ఉండదు. తాంబూలంలో వచ్చేది ఎక్కువగా ఏలక్కే. మూడు ఏలక్కి పండ్లు వేసి, మిగతావన్నీ పుస్తకం ప్రకారం వేస్తే ఆ మఫిన్ పొడిబారుతుంది, అరటి వాసన కూడా తగలదు. అప్పుడు తప్పు పండు మీదకు పోతుంది, దాన్ని దిద్దడానికి ఇంకొంచెం చక్కెర, ఇంకొంచెం నూనె వేస్తారు. తొక్క తీసిన గుజ్జును తూచుకో. రెండు వందల గ్రాముల పిండికి మూడు వందల గ్రాముల గుజ్జు సరిపోతుంది. ఏలక్కి అయితే ఆరేడు పండ్లు, కొన్నిసార్లు ఎనిమిది. ఏలక్కి గుజ్జు చిక్కగా, తియ్యగా ఉంటుంది కాబట్టి రెండు చెంచాల పెరుగు అదనంగా పడితే మంచిది. పచ్చబాళె గుజ్జు జారుగా ఉంటుంది, దానికి అదనపు తడి అక్కర్లేదు.

గిన్నె దగ్గర పని రెండు మూడు నిమిషాలదే, కానీ చెడేది అక్కడే. ఒక గిన్నెలో మైదాపిండి, ముప్పావు టీస్పూను తినేసోడా, అర టీస్పూను బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు కలిపి జల్లించు. ఇంకో గిన్నెలో ఫోర్కుతో మెదిపిన గుజ్జు, ఎనభై గ్రాముల బెల్లంపొడి లేదా చక్కెర, ఎనభై మిల్లీలీటర్ల నూనె, ఒక గుడ్డు లేదా పావు కప్పు పెరుగు కలుపు. దేవుడి దగ్గర పెట్టిన పండును గుడ్డుతో కలపకూడదనుకునే ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి. పెరుగు వేస్తే ఆ చిక్కే ఉండదు. అరటి, పెరుగు రెండింటిలోనూ కొంచెం పులుపు ఉంటుంది. ఆ పులుపు తగలగానే సోడా బుడగలు పుట్టిస్తుంది. పులుపుకు మించి సోడా వేస్తే సబ్బు రుచి మిగులుతుంది. ఎత్తుగా పొంగాలని సోడా పెంచేవాళ్లకు ఎదురయ్యేది ఇదే. తడి మిశ్రమాన్ని పొడి పిండిలో పోశాక గరిటెతో అడుగు నుంచి పైకి పది పన్నెండు సార్లు మడతపెట్టినట్టు కలిపి ఆపెయ్. అక్కడక్కడ చిన్న ఉండలు కనబడినా సరే. ఇంకా కలిపితే మైదాలోని గ్లూటెన్ సాగుతుంది, చపాతీపిండికి కావలసిన గుణం మఫిన్‌కు పడుతుంది, లోపల సొరంగాల్లాంటి పొడవాటి రంధ్రాలు వస్తాయి. గోధుమపిండి వాడాలనుకుంటే సగం సగం వెయ్యి, ఆ పొట్టు తడిని పీల్చుకుంటుంది కాబట్టి పిండిని పది నిమిషాలు ఉంచి ఓవెన్లో పెట్టు. కోలారు జిల్లాలో పుట్టిన వంటకు రాగిపిండి తగలకపోతే వెలితిగానే ఉంటుంది, కానీ పావు వంతు దాటనివ్వకు. రాగిలో గ్లూటెన్ ఉండదు, ఎక్కువైతే మఫిన్ చేతిలోనే పొడిపొడిగా రాలిపోతుంది.

మీ అవ్వ చెప్పినదాన్ని కొట్టిపారేయకు. వయసుతో వచ్చిన జాగ్రత్త అది, అందులో సగం నిజం ఉంది. ముగ్గిన పండు వేరు, కుళ్లిన పండు వేరు. ఆ తేడా తొక్క రంగులో కాదు, గుజ్జులో తెలుస్తుంది. తొక్క మొత్తం నల్లగా ఉన్నా, ఒలిచాక గుజ్జు లేతపసుపుగా, తీపి వాసనతో ఉంటే వాడుకోవచ్చు. అక్కడక్కడ గోధుమరంగు దెబ్బలుంటే గిల్లి పారేసి మిగతాది తీసుకో. తొడిమ దగ్గర తెల్లగానో పచ్చగానో బూజు ఉన్నా, పండు పగిలి నీరు కారుతున్నా, కల్లు వాసన వచ్చినా దాన్ని వదిలెయ్. ఓవెన్లో కాలితే అన్నీ చచ్చిపోతాయిలే అనుకోకు. బూజు వదిలే విషాల్లో చాలావరకు ఆ వేడికి పూర్తిగా నశించవు. మీ ఇంట్లో మధుమేహం ఉన్నవాళ్లకు కూడా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. చక్కెర తగ్గించిన మఫిన్ పథ్యపు తిండి కాదు. పండు ముగ్గేకొద్దీ పిండిపదార్థం చక్కెరగా మారుతుంది కాబట్టి, పచ్చివాటం పండు కంటే ముగ్గినది రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది. దాని మీద మైదా కూడా ఉంది. వాళ్లు తినదలిస్తే వైద్యులు చెప్పిన కొలతలోనే తినాలి. తక్కువ చక్కెర అన్న మాట చూపి ఎక్కువ తినిపించడం ప్రేమ కాదు.

‘ఈ మఫిన్లు మనవి కావు, దొరల తిండి, ముగ్గిన పండుతో అప్పాలు చేసుకోవచ్చు కదా’ అనేవాళ్లు కూడా ఉంటారు. అప్పాలు చేసుకోవద్దని ఎవరూ అనరు. కానీ ముగ్గిన అరటితో పిండిని పొంగించి తినడం మన దక్షిణాదికి కొత్త విద్య కాదు. మంగళూరు, ఉడుపి వైపు ‘బన్స్’ అని చేసే పూరీల్లో ముఖ్యంగా ఉండేవి మెదిపిన అరటిపండు, పెరుగు, చిటికెడు సోడా, పిండే. మఫిన్ గిన్నెలో జరిగే క్రియే అక్కడ నూనెలో జరుగుతుంది. మలయాళీల ఉన్నియప్పంలో బియ్యం, బెల్లంతో పాటు ముగ్గిన పండు పడుతుంది. 1883లో తలశ్శేరిలో మంబళ్లి బాపు అనే బేకరీ యజమాని మర్డాక్ బ్రౌన్ అనే తోటల దొర కోరిక మీద క్రిస్మస్ కేకు చేసినప్పుడు, ఫ్రెంచి బ్రాందీ బదులు జీడిమామిడి పండు, కదళి అరటితో చేసిన స్థానిక సారా వాడారని చెబుతారు. ఇక మీ కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) సంగతి నీకు నేను చెప్పాలా? 1880లో జాన్ టేలర్ కంపెనీ గనుల పనిలోకి దిగాక, తమిళులు, తెలుగువాళ్లు, కన్నడిగులు, ఆంగ్లో-ఇండియన్లు పక్కపక్కన బతికిన చోటు అది. ఆంగ్లో-ఇండియన్ ఇళ్ల వంటలు ఆ ఊరి జ్ఞాపకంలో భాగమే. అక్కడే పెరిగిన బ్రిడ్జెట్ వైట్-కుమార్ ఆ వంటల మీద వరుసగా పుస్తకాలు రాశారు, ఆ ఊరి మీద ‘కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ డౌన్ మెమరీ లేన్’ కూడా రాశారు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డా ఓవెన్ వాసన ఆ ఊరికి పరాయిదైపోలేదు. పైగా గుడ్డు లేని కేకులను కర్ణాటక ఊరూరా అలవాటు చేసింది అయ్యంగార్ బేకరీలే కదా.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఖర్చుది. పారేయాల్సిన పండ్లను కాపాడడానికి అంతకంటే ఖరీదైన పిండి, నూనె, గుడ్డు, కరెంటు పెట్టడం పొదుపా అని అడిగితే జవాబు చెప్పాల్సిందే. ఒక్క పండు మిగిలితే ఓవెన్ వెలిగించడం నిజంగానే దుబారా. దాన్ని పాలలో మెదిపి పిల్లలకు పెట్టు, లేదా బెల్లం, కొబ్బరిపాలు కలిపి రసాయన చెయ్. మూడు వందల గ్రాములు పోగైనప్పుడు లెక్క మారుతుంది. 1500 వాట్ల ఓటీజీ ఓవెన్ వేడెక్కడంతో కలిపి ముప్పై అయిదు నిమిషాలు ఆగకుండా వెలిగినా ఒక యూనిట్ కరెంటు అవదు. రెండు విడతలు వెంటవెంటనే పెడితే రెండోసారి వేడెక్కించే ఖర్చు కూడా మిగులుతుంది. పైగా ఆ మఫిన్ దేని బదులు వస్తుందో కూడా చూడాలి. మారికుప్పం రైలెక్కి తెల్లవారుజామున బెంగళూరు పనులకు పోయేవాళ్లు మీ ఊళ్లో వేలమంది. ముగ్గిన పండు సంచిలో చితికిపోతుంది, మఫిన్ డబ్బాలో రెండు రోజులు నిలుస్తుంది. స్టేషన్లో కొనే బిస్కెట్ పొట్లం బదులు అది పోతే ఖర్చు వెనక్కి వచ్చినట్టే. ఇది ఒక్క ఇంటి పొదుపు మాత్రమే కాదు. 2022లో ప్రపంచమంతా కలిసి వంద కోట్ల టన్నులకు పైగా ఆహారం వృథా చేసిందని, అందులో అరవై శాతం ఇళ్లలోనే జరిగిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో లెక్క చెప్పింది. ప్రపంచంలో అరటి అందరికంటే ఎక్కువ పండించేది మన దేశమే. గెల పెంచిన రైతు నీళ్లు, ఎరువు, కూలి అన్నీ ఆ పండులో ఉన్నాయి. మచ్చ చూసి పారేస్తే అవన్నీ దాంతో పోతాయి. అమెరికాలో 1930ల ఆర్థికమాంద్యంలో అరటి బ్రెడ్డు ఇంటింటికీ పాకింది కూడా ఏమీ పారేయలేని రోజులు కాబట్టేనంటారు.

అయితే మఫిన్ల కోసం పండ్లు కొని ముగ్గబెట్టడం మాత్రం మొదలుపెట్టకు. అలా చేస్తే ఈ ఉత్తరంలో రాసిందంతా తలకిందులవుతుంది. అత్తం ఇంటికి రాగానే తినగలిగినన్ని తినండి. మచ్చలు పడ్డవి ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడుతుంది గానీ గుజ్జు మరో నాలుగైదు రోజులు ఆగుతుంది. పచ్చివాటం కాయలను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకు. పదమూడు డిగ్రీల కంటే తక్కువ చలిలో అవి దెబ్బతిని, ఆ తర్వాత సరిగా ముగ్గవు. అప్పటికీ మిగిలితే ఒలిచి, తూచి, మూడు వందల గ్రాముల చొప్పున పొట్లాలు కట్టి ఫ్రీజర్లో పెట్టు, పొట్లం మీద తేదీ రాయి. రెండు మూడు నెలలు వాడుకోవచ్చు. కరిగించినప్పుడు ఊరే రసాన్ని పారబోయకు, తీపి, వాసన చాలావరకు అందులోనే ఉంటాయి. శ్రావణ శనివారాలు, గౌరీ గణేశ పండగ వరసగా వచ్చే ఆ నెలన్నరలో ఇంట్లో పండ్లు ఎలాగూ మిగులుతాయి. పొట్లాలు అప్పుడు కట్టుకుంటే దసరా సెలవుల దాకా నీకు కొరత ఉండదు.

చివరగా ఒక పని చెబుతాను. నా మాట పెద్దమ్మ మాట కాబట్టి నమ్మొద్దు. ఒకే రోజు, ఒకే గెల పండ్లతో రెండు విడతలు చెయ్. ఒకదానిలో నూట యాభై గ్రాముల చక్కెర, రెండోదానిలో ఎనభై. మిగతావన్నీ ఒకటే ఉండాలి. ఏది ఏదో చెప్పకుండా మీ అవ్వకూ, పక్కింటి అమ్మాయికీ, పిల్లలకూ పెట్టి, అరటి రుచి దేనిలో బాగా తెలుస్తోందని మాత్రం అడుగు. ‘ఏది ఎక్కువ తియ్యగా ఉంది’ అని అడిగితే జవాబు ముందే తెలిసిపోతుంది, అది మనకు కావలసిన ప్రశ్న కాదు. ఎనభై గ్రాములది ఓడిపోతే వందకు పెంచి మళ్లీ చూడు. గెలిస్తే తర్వాతిసారి డెబ్బైకి దించు. ప్రతిసారీ ఏ పండు, ఎంత ముగ్గింది, గుజ్జు ఎంత తూగింది, ఎన్ని నిమిషాలు కాలింది ఒక నోటుపుస్తకంలో రాసుకో. నీ ఇంటి ఓవెన్‌కు, మీ మార్కెట్ పండుకు సరిపడే కొలత ఏ పుస్తకంలోనూ దొరకదు, నువ్వే తయారుచేసుకోవాలి. ఫలితం ఏదైనా సరే, లెక్కలతో సహా నాకు రాయి. నా లెక్క తప్పని తేలితే దిద్దుకుంటాను.

ఇట్లు,
నీ మేలు కోరే
పెద్దమ్మ